గురువారం కరెంటు లేదు

ఒకటో రోజు, ఆదివారం

కమిటీ వాళ్ళు పద్నాలుగు రోజులు రాయమన్నారు. ఇంట్లో కంప్యూటర్ పెట్టెను ఎవరు, ఎప్పుడు, ఎందుకు వాడారో ఉన్నది ఉన్నట్టు రాయాలట. ఎనిమిదేళ్ళకోసారి పాత పెట్టెలు మార్చడానికి ఒడ్డు నుంచి వచ్చే సామాన్ల ఓడ ఈసారి రెండు రకాల పెట్టెలు తెస్తోంది. సముద్రం మీద తేలే మా కొత్తలంక తెప్ప మీద అరవై రెండు ఇళ్ళున్నాయి. అన్నింటికీ ఒకటే రకం ఇస్తారు. ఒక ఇంటి పెట్టె పాడైతే ఇంకో ఇంటి విడిభాగం పనికిరావాలి కదా. ఏ రకం కావాలో మా చిట్టాలు చూసి తేలుస్తారు.

మా ఇంట్లో ఆ పని నాకు పడింది.

ఉదయం పెట్టె మీద ఉప్పు తుడిచాను. తుడవకపోతే ఫ్యాను పట్టేస్తుంది. మంచినీళ్ళ వంతు ఎప్పుడో చూశాను. పోటు ఎన్ని గంటలకో చూశాను. మధ్యాహ్నం అమ్మ పంపిన కబురు విన్నాను. సాయంత్రం మా ఆయన గాలి సంగతి చూశారు. అంతే.

రెండో రోజు, సోమవారం

ఉప్పు తుడిచాను. నీళ్ళ వంతు చూశాను. రొయ్యపొట్టు పచ్చడికి ఉప్పెంతో అమ్మను అడిగాను. రేపు చెబుతానంది.

మూడో రోజు, మంగళవారం

మా ఆయన ఏడుకొండలు పెట్టెల కమిటీలో ఉన్నారు. ఒడ్డుతో మాట కలిపే లింకు స్తంభం మీద పని ఆయనది. అన్నం తిన్నాక తెర ముందు కూర్చుని నేను రాసింది చదివారు.

"ఏంటే ఇది? ఉప్పు తుడిచాను, ఉప్పు తుడిచాను! ఇది చూస్తే మీకు పెట్టెందుకమ్మా, పలకా బలపం ఇస్తాం పొమ్మంటారు."

"ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కదండీ."

"పదహారు కోర్ల ప్రాసెసర్ కావాలని అక్కడ గొంతు చించుకునేది నేను. నా ఇంటి చిట్టా ఇలా ఉంటే సత్తిరాజు మేస్త్రీ నా మొహం మీదే నవ్వుతాడు."

"మరేం రాయమంటారు?"

"మంచి పెట్టె ఉంటే ఏం చేస్తామో అది రాయి. అబద్ధమనుకోకు, ముందుచూపు అనుకో."

ఆరు పనులు చెప్పారు. సినిమా కత్తిరించడం, సముద్రం అడుగు పటం గీయడం, తుపాను లెక్క, ఇంటి నమూనా, పాఠాలు తయారుచెయ్యడం, పాటలు కలపడం. పద్నాలుగు రోజులకూ పంచెయ్యమన్నారు. ఈ చిట్టా చెరిపెయ్యమన్నారు.

చెరపలేదు. 'పచ్చడి కొలతలు' అని పేరు మార్చి పెట్టుకున్నాను. ఆయన అందులోకి చూడరు.

నాలుగో రోజు, బుధవారం

ఆయన స్తంభం ఎక్కాక కొత్త చిట్టా మొత్తం ఒక్క ఊపున నింపేశాను. ఇంకా రాని రోజులకు కూడా. గురువారం మూడు గంటలు సినిమా కత్తిరించినట్టు పెట్టాను. శుక్రవారం సముద్రం అడుగు. చెబుతుంటే నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది.

చెబుతుంటే అన్నాను. ఇక ఇది కమిటీకి వెళ్ళే చిట్టా కాదు కనుక దాచడమెందుకు? నేను వేళ్ళతో రాయను. నోటితో చెబుతాను, పెట్టె రాస్తుంది. నా మాటను పుస్తకంలో మాటలా సరిదిద్ది మరీ రాస్తుంది. నేను నాలుగో తరగతిలో ఉండగా బడి తెప్ప తాళ్ళు తెగి కొట్టుకుపోయింది. నాకు అంకెలు బాగా వచ్చు. అక్షరాలు కూడా ఒక్కొక్కటిగా తెలుస్తాయి. నాలుగు కలిస్తే మాత్రం గిన్నెలో వేలు పెట్టగానే చెదిరే చేపపిల్లల్లా అటూ ఇటూ అయిపోతాయి. అందుకే నోటీసు వచ్చినా, ఉత్తరం వచ్చినా చెవిలో తీగ పెట్టుకుని పెట్టె చేత చదివించుకుంటాను.

పెళ్ళయి రెండేళ్ళయింది. మా ఆయన ఒడ్డు మీద పాలిటెక్నిక్ చదివొచ్చిన మనిషి. ఆయనకు ఈ సంగతి తెలియదు. పెళ్ళిచూపుల్లో "చదువుకుందా?" అని అడిగితే మా నాన్న "చదువుతుంది" అన్నాడు. నేను తల వంచుకున్నాను.

ఆరో రోజు, శుక్రవారం

నిన్న చిట్టా లేదు, ఎందుకంటే కరెంటు లేదు. సోలార్ పలకలు కడిగే రోజు. ఏడాదికి రెండుసార్లు తెప్ప మొత్తానికి కరెంటు ఆపేసి, ఇంటికొకరు చొప్పున గుడ్డలు పట్టుకుని ఎక్కుతాం. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఉప్పు గీకాను. వీపు కాలింది.

దిగి వచ్చేసరికి పక్కింటి కాసులత్త మా గడపలో కూర్చుని ఉంది. ఆమెకు అరవై దాటాయి. వలలు అల్లుతుంది. నాకు వరసకు అత్త కాదు, అలవాటుగా అత్త అంటాను. చేతిలో షుగర్ సూది ఉంది.

"ఏమే కోడలా, ఇందులో మందు ఏ గీత దాకా వచ్చిందో చూడవే. కళ్ళజోడు ఎక్కడో పెట్టేశాను."

కళ్ళజోడు ఆమె ముక్కు మీదే ఉంది.

నేను చూశాను. పద్దెనిమిది గీతలుండాల్సింది ముప్పై ఆరు దాకా ఎక్కింది. సూది లాక్కున్నాను.

తర్వాత ఆమే చెప్పింది. చూపు పోయి ఏడాది దాటిందట. దారిలో పరిచిన చెక్క బల్లలు లెక్కపెట్టుకుని నడుస్తుంది. రక్తపు చుక్క వేస్తే షుగర్ ఎంతో పెట్టె పైకి చెబుతుంది, సూదిని పెట్టె కెమెరా కన్ను ముందు పెడితే గీత కూడా చెబుతుంది. నిన్న కరెంటు లేదు, పెట్టె మూగబోయింది.

"ఎవరికీ చెప్పకే. చూపు పోయినోళ్ళని ఒడ్డుకి, ఆసరా ఇంటికి పంపేస్తారు. ఎల్లినోళ్ళు ఒక్కరైనా తిరిగొచ్చారా? నాకు ఈ నీళ్ళ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదే."

చెప్పనని ఆమె చేతిలో చెయ్యి వేశాను.

ఎనిమిదో రోజు, ఆదివారం

ఊరి సభ జరిగే బల్లల మీద కమిటీ వాదన జరిగింది. మేము ఆడవాళ్ళం ఓ పక్కన రొయ్యలు ఒలుస్తూ విన్నాం.

పెద్ద రకం పెట్టెలో పదహారు కోర్లు, కొత్త సిస్టమ్. అరవై అయిదు వాట్లు తాగుతుంది. చిన్న రకంలో నాలుగే కోర్లు, ఇప్పుడు మా ఇళ్ళలో ఉన్న పాత సిస్టమే. ఎనిమిది వాట్లు చాలు.

పెట్టెలు బాగుచేసే సత్తిరాజు మేస్త్రీ లేచాడు. "పదహారు కోర్లంటే పదహారు మంది వంటోళ్ళండి. ఇంట్లో పొయ్యి ఒకటి, వండేది కాసిన్ని రొయ్యలు. మిగతా పదిహేను మందికీ కూర్చోబెట్టి కూడెట్టాలా ఏంటండి?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు కానీ తగ్గలేదు.

"మేస్త్రీ గారికి రేడియో ఇచ్చినా కంప్యూటరే అంటారు. పోయినసారి తుపాను కబురు ఒడ్డు నుంచి ఆరు గంటలు ఆలస్యంగా వచ్చింది. మా నాన్న ఆ ఆరు గంటల్లోనే పోయాడు. ఆ లెక్క మన పెట్టెల మీద మనమే వేసుకోవాలంటే పెద్ద ప్రాసెసర్ కావాలి. పైగా ఒడ్డు నోటీసులన్నీ ఇక మీదట కొత్త సిస్టమ్‌లోనే వస్తాయి. పాతదాన్లో సగం తెరుచుకోవు."

"తెరుచుకునేలా నేను చేస్తాను బాబూ. పాత సిస్టమ్‌కి తలుపు ఎక్కడుందో నాకు తెలుసు. కొత్తదానికి తాళం ఒడ్డు మీద ఉంటాది. నెలనెలా అప్‌డేట్ అంటాది, లింకు లేకపోతే అలిగి కూర్చుంటాది. మరి చదివి వినిపించే గొంతు సంగతేంటి? కొత్తదాన్లో లింకుంటేనే కదా పలికేది? వానాకాలం మూడు నెలలు లింకెక్కడిదండి మనకి?"

"గొంతు ఎవరిక్కావాలండీ? ఈ తెప్ప మీద చదువు రానివాళ్ళెవరున్నారు?" అన్నారు మా ఆయన.

నా చేతిలో రొయ్య జారి నీళ్ళలో పడింది. కాసులత్త నాకు నాలుగు బల్లల అవతల కూర్చుంది. తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సర్పంచి నాగరత్నం గారు ఇద్దరినీ కూర్చోబెట్టారు. "ప్రాసెసర్ మీకు కాదయ్యా, ఇళ్ళకి. ఇళ్ళల్లో ఏం రాశారో చూద్దాం. వాడేవాళ్ళ మాటే ఆఖరు మాట."

పదో రోజు, మంగళవారం

ఎదురింటి బుల్లెమ్మ వచ్చింది. "తాయారూ, నీ చిట్టా పంపవే. మా ఆయన రాయమంటే నాకు పెన్నాడట్లేదు. కమిటీ మెంబరు గారి పెళ్ళానివి, నువ్వెలా రాశావో అలాగే రాసేస్తాను."

వద్దనాల్సింది. కానీ నన్ను రాత గురించి ఒకరు అడగడం పుట్టాక అదే మొదటిసారి. గర్వంగా అనిపించింది. కొత్త చిట్టా పంపించాను.

సాయంత్రానికి ఇంకో నలుగురు అడిగారు. వాళ్ళకీ పంపాను. "ఎంత బాగా రాశావే!" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు చెంప మీద కొట్టుకోవాలనిపిస్తోంది.

పన్నెండో రోజు, గురువారం

కాసులత్త వల చిక్కు తీయడానికి పిలిచింది. అసలు పని అది కాదు.

"ఏ పెట్టె వస్తాదంటావే?"

"తెలీదత్తా. ఇళ్ళవాళ్ళు రాసిందాన్ని బట్టంట."

"అయితే బెంగలేదులే. మన ఇళ్ళల్లో ఎవరు చేస్తారే అంతంత పనులు? నీళ్ళ వంతు చూసుకుంటారు, పోటు చూసుకుంటారు. చిన్నదే వస్తాది."

ఆమె ధైర్యంగా అల్లుకుపోతోంది. నా చిట్టా ఎన్ని ఇళ్ళకు పాకిందో నాకింకా లెక్క తెలియదు. బుల్లెమ్మ వాళ్ళ ఆడపడుచుకు పంపిందట, ఆ పిల్ల ఆ వరుస మొత్తానికి పంపిందట. పెద్ద పెట్టె వస్తే వానాకాలం మూడు నెలలు కాసులత్తకు సూదిలో గీత చెప్పేవాళ్ళుండరు. నేను రోజూ వెళ్ళి చూస్తే నలుగురి కళ్ళలో పడుతుంది. పడితే ఒడ్డుకు పంపేస్తారు.

చిక్కు తీసి ఇచ్చి వచ్చేశాను.

పదమూడో రోజు, శుక్రవారం

మా ఆయనకు చెబుదామని మూడుసార్లు దగ్గరకు వెళ్ళాను. కాసులత్త పేరు ఎత్తకుండా నా సంగతి ఒక్కటే చెప్పినా చాలు. 'నాకు చదవడం రాదండీ, గొంతు నాకు కావాలి.' అంతే కదా.

ఆయన కాగితం మీద గాలి గుర్తులు గీస్తూ ఉత్సాహంగా ఉన్నారు. "ఇరవై తొమ్మిది ఇళ్ళు సినిమాలు కత్తిరిస్తున్నాయట తాయారూ! నాకే తెలీదు మన తెప్ప ఇంత ముందుకెళ్ళిందని."

"పులుసు ఇంకొంచెం వెయ్యమంటారా?" అన్నాను.

పదిహేనో రోజు, ఆదివారం

ఓడ వచ్చి లంగరేసింది. రేపు పొద్దున్నకల్లా మాట చెప్పాలి. సభ నిండిపోయింది. ఇంటికొక చెయ్యి, యజమాని ఎత్తాలి.

సర్పంచి గారు లెక్క చదివారు. ముప్పై నాలుగు ఇళ్ళు పెద్ద పనులు చేస్తున్నాయి. మా ఆయన మొహం వెలిగిపోయింది. సత్తిరాజు మేస్త్రీ అచ్చు తీసిన చిట్టాల కట్ట తీసుకుని నెమ్మదిగా తిప్పాడు. మనిషి నవ్వడం లేదు.

"అమ్మా, ఒక్క మాట. ఈ ముప్పై నాలుగు ఇళ్ళల్లోనూ ఐదో రోజు మూడేసి గంటలు సినిమా కత్తిరించారండి. అందరూ ఒకే రోజు, ఒకే మూడు గంటలు."

"కలిసి చేశారేమో," అన్నారెవరో.

"ఐదో రోజు గురువారమండి. పలకలు కడిగాం. నేనే కరెంటు తీశాను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వు ఒక వరుస నుంచి ఇంకో వరుసకు పాకింది. ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. ఒక్కొక్కరే తిరిగి నా వైపు చూశారు. బుల్లెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ చూపు వెంట మగవాళ్ళ చూపు, చివరికి మా ఆయన చూపు నా మీద ఆగాయి.

సర్పంచి గారు బల్ల మీద కొట్టారు. "చిట్టాలన్నీ చెల్లవు. టైము లేదు, చేతులెత్తి తేల్చేద్దాం. నాకు తెలిసి పెద్దదానికి తుపాను లెక్క అనే కారణం ఉంది. చిన్నదానికేముంది? ఆ చదివే గొంతు ఎవరికైనా కావాలా? ఉంటే చెప్పండి."

కాసులత్త మాట వచ్చిన వైపు కాక, నీళ్ళ వైపు మొహం పెట్టి కూర్చుంది. చేతులు ఒళ్ళో బిగించుకుంది.

లేచానని నాకు తెలియదు. కాళ్ళ కింద బల్ల ఊగితే తెలిసింది.

"నాకు కావాలండి."

"ఎవరమ్మా?"

"నేనండి. ఏడుకొండలు గారి ఇంటిదాన్ని. నాకు చదవడం రాదు. పెట్టె చదివితే వింటాను. ఆ దొంగ చిట్టా కూడా నేనే చేశాను. అది నోటితో చెప్పిందే."

వెనక నుంచి ఒకాయన అన్నాడు, "చదువే రానావిడ సినిమా కత్తిరించిందంట!" ఈసారి నవ్వు పెద్దగా వచ్చింది.

సర్పంచి గారు నవ్వలేదు, కానీ ఊరుకోనూ లేదు. ఓడ వాళ్ళ కాగితం ఒకటి నా చేతికిచ్చారు. "ఏమనుకోకమ్మా. ఒక అబద్ధం ఇప్పటికే విన్నాం. ఇది చదువు."

కాగితం పట్టుకున్నాను. అక్షరాలు మామూలుగానే చెదిరాయి. "సా... సామా... సామాన్ల," అన్నాను. తర్వాతది పట్టుకునేసరికి చాలాసేపయింది. "ఓ... ఓడ." మూడో మాట దగ్గర ఆగిపోయాను. సభలో ఎవరూ నవ్వడం లేదని అప్పుడు తెలిసింది. నవ్వి ఉంటే నయమనిపించింది. మా ఆయన నేల చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

"చాలమ్మా," అని సర్పంచి గారు కాగితం తీసేసుకున్నారు.

నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ లేవలేను. "వానాకాలంలో నోటీసు వస్తే నాకెవరు చదువుతారండి? మందు సీసా మీద ఏముందో ఎవరు చెబుతారు? నా ఒక్కదానికే అయితే వద్దులెండి. ఇంకెవరికీ అక్కర్లేదని మాత్రం రాయకండి. నలుగురిలో అడిగితే చెప్పే సంగతి కాదది."

చేతులెత్తమన్నారు. పెద్దదానికి ఇరవై ఏడు లేచాయి. చిన్నదానికి అడిగారు. మొదట లేచింది కాసులత్త చెయ్యి. తర్వాత బుల్లెమ్మ మొగుడి మోచేతిని కింద నుంచి పైకి తోసింది. ఆయన "ఏంటే!" అంటూనే ఎత్తాడు. ఆ వరుసలో చాలా చేతులు అలా పక్కవాళ్ళు తోస్తేనే లేచాయి. ముప్పై నాలుగు.

రెండూ కలిపితే అరవై ఒకటి. లేవని చెయ్యి మా ఇంటిది.

పదహారో రోజు, సోమవారం

మా ఆయన మాట్లాడలేదు. అన్నం పెట్టాను, తిన్నారు.

కాసులత్త గోడకు చెయ్యి ఆనించుకుంటూ వచ్చింది. "నా మూలంగా పరువు పోగొట్టుకున్నావే."

"నీ మూలంగా కాదత్తా."

ఊరికే అన్న మాట కాదు. ఆమె కోసం నిలబడ్డానని చెప్పుకోలేను. మేస్త్రీ ఆ గురువారం సంగతి బయట పెట్టకపోతే నేను రొయ్యలు ఒలుచుకుంటూ కూర్చునేదాన్ని. ముప్పై నాలుగు ఇళ్ళు నా అబద్ధం మీద చెయ్యెత్తేవి. వానాకాలం వచ్చేది. ఆ తర్వాత ఏం జరిగేదో తలుచుకుంటే చేతిలో సూది, దాంట్లో ముప్పై ఆరో గీత కనబడుతున్నాయి.

నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు నాకు దారిచ్చారు. జాలితోనో, కోపంతోనో తెలియలేదు. నా చిట్టా వల్ల వాళ్ళ మొగుళ్ళందరూ వాళ్ళను తిట్టారట.

పదిహేడో రోజు, మంగళవారం

కొత్త పెట్టెలు దించారు. మాది సాయంత్రం వచ్చింది. దాంతో పాటు ఎలా బిగించాలో చెప్పే కాగితం ఉంది. పాత పెట్టె విప్పేశాం కనుక చదివే గొంతు లేదు.

మా ఆయన కాగితం తీసుకుని నా ఎదురుగా కూర్చున్నారు. రెండు రోజుల తర్వాత మొదటిసారి.

"సత్తిరాజు మేస్త్రీ అంటున్నాడు, అరవై రెండు చిన్న పెట్టెల్నీ తీగతో కలిపితే తుపాను లెక్క కొంతైనా వేయొచ్చంట. చూడాలి." గోడతో అన్నట్టు అన్నారు. తర్వాత కాగితం విప్పారు.

"ము... న్దు... గా," అని మొదలుపెట్టారు. ఒక్కో అక్షరాన్ని సాగదీసి, మధ్యలో ఆగి, నా మొహం చూసి, మళ్ళీ సాగదీసి. పలక పట్టుకున్న పిల్లకు చెప్పినట్టు. "మూ... త... ను... తీ... యా... లి. అర్థమైందా?"

సభలో కాగితం పట్టుకున్నప్పటి కంటే ఎక్కువ సిగ్గేసింది. ఆయన మంచికే చేస్తున్నారు. అది ఇంకా కష్టంగా ఉంది. తల వంచుకుని విందామనుకున్నాను. రెండు వాక్యాలు విన్నాను కూడా.

"ఏవండీ," అన్నాను. "అంత నెమ్మదిగా అక్కర్లేదు. నాకు రానిది చదవడమే. వినడం బాగా వచ్చు."

ఆయన ఆగిపోయారు. కాగితం వంక చూశారు, నా వంక చూశారు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఈసారి అది నా వల్ల కాదు.

కాగితం మొదటికి తిప్పి, మామూలుగా మాట్లాడే వేగంతో చదవడం మొదలుపెట్టారు. నేను మరలు తిప్పాను. మధ్యలో ఒకచోట ఆయనే తడబడి, వెనక్కు వెళ్ళి మళ్ళీ చదివారు.

నేను తొందర పెట్టలేదు.